‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా ఒక్కటేనా? మూడు ఉచిత నిఘంటువుల్లో వెతికి చూస్తే

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన మంచి నిఘంటువులు మూడు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఫోన్లో దొరుకుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్. మూడూ పేరున్నవే కాబట్టి ఏది తెరవాలో చాలామందికి తేలదు. ఎన్ని లక్షల పదాలున్నాయో లెక్కబెడితే అది తేలేది కాదు. ఒక్క మాట పట్టుకుని, మూడింటిలోనూ దాని పేజీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ పరీక్షకి ‘పుట్ ఆఫ్’ చక్కగా పనికొస్తుంది. ‘పుట్’, ‘ఆఫ్’ విడివిడిగా ఒకటో తరగతి పిల్లలకీ తెలుసు. రెండూ కలిస్తే మాత్రం తెలుగులో అరడజను మాటలు వెతుక్కోవాలి.

పోటీ పరీక్షల గైడ్లలో దీనికి ఒకటే జవాబు కనిపిస్తుంది: పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్, వాయిదా వేయడం. తప్పు కాదు, కానీ సగమే. అంతవరకే బట్టీపట్టినవాళ్లకి ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అనే వాక్యం ఎదురైతే ‘వాసన నన్ను వాయిదా వేసింది’ అని అర్థం చెప్పుకోవాల్సి వస్తుంది. అసలు అర్థం, ఆ వాసనకి నాకు వెగటు పుట్టింది, ఇక వద్దనిపించింది అని.

ఈ మాటకి తాళంచెవి ఒక్కటే. పుట్ ఆఫ్ అనే దెబ్బ పని మీద పడిందా, మనిషి మీద పడిందా? మీటింగు, పెళ్లి, ప్రయాణం, ఆపరేషన్ లాంటి వాటి మీద పడితే అది వాయిదా. మనిషి మీద పడితే వాయిదా అన్న అర్థం దాదాపు ఎప్పుడూ పొసగదు. అప్పుడది మనసు విరగడమో, ధ్యాస చెదరడమో, ఆ మనిషిని రేపు మాపు అని తిప్పడమో అవుతుంది. కాబట్టి నిఘంటువు ఈ తేడాని కంటికి కనిపించేలా చూపించిందా లేదా అన్నదే ఇక్కడ కొలబద్ద.

ముందుగా లాంగ్‌మన్. ఇది 1978లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ ఒక కట్టుబాటు పెట్టుకుంది. నిర్వచనాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే రాయాలి. మాటకి అర్థం వెతికితే అర్థంలో ఉన్న మాటకి మళ్లీ అర్థం వెతుక్కునే బాధ దీనివల్ల బాగా తగ్గింది. పుట్ ఆఫ్‌కి ఇచ్చిన మొదటి అర్థం చూడండి. తర్వాతి తేదీకి మార్చడం అని ఊరుకోలేదు. ముఖ్యంగా ఏదో అడ్డంకి వచ్చినందువల్లో, ఇప్పుడు చేయాలని లేకపోవడంవల్లో అని కారణం కూడా చేర్చింది. ఆ చిన్న చేర్పుకే ఈ మాట విషయంలో లాంగ్‌మన్‌కి మొదటి స్థానం ఇవ్వాలి.

ఎందుకంటే మన ‘వాయిదా’కి ఆ వాసన లేదు. కలెక్టరు గ్రీవెన్స్ వాయిదా వేసినా, మనం పన్ను పీకించుకోవడం వాయిదా వేసినా మాట అదే. ఇంగ్లీషులో అలా కాదు. ‘వియ్ హావ్ పోస్ట్‌పోన్డ్ ద రిలీజ్’ అంటే తేదీ మారింది, అంతే. ‘వియ్ ఆర్ పుటింగ్ ఆఫ్ ద రిలీజ్’ అంటే వినేవాళ్లకి ఏదో తేడా కొట్టినట్టు, వీళ్లు వెనకాడుతున్నట్టు అనిపించే అవకాశం ఉంది. ‘కీప్ పుటింగ్ ఇట్ ఆఫ్’ అయితే సందేహమే లేదు, అది నాన్చుడే. మన భాషలో దానికి సరిజోడు ‘తాత్సారం చేయడం’. ఆఫీసు మెయిల్లో క్లయింటుకి రాసేటప్పుడు పోస్ట్‌పోన్ రాసి, ఇంట్లో బీరువా సర్దడం గురించి మాట్లాడేటప్పుడు పుట్ ఆఫ్ అనడం అందుకే నయం.

లాంగ్‌మన్‌లో ఇంకో మంచి సంగతుంది. మనిషిని తిప్పించుకోవడం అనే అర్థాన్ని విడిగా పెట్టింది. డబ్బు ఇవ్వాల్సినవాళ్లని, కలవడం ఇష్టంలేని వాళ్లని ఏదో ఒకటి చెప్పి తర్వాతకి నెట్టడం. కిరాణా కొట్లో గోడ మీద ‘అప్పు రేపు’ అని బోర్డు ఉంటుందే, అది చేసే పని సరిగ్గా ఇదే. ‘హి కీప్స్ పుటింగ్ మీ ఆఫ్’ అంటే ‘రేపు రా, ఎల్లుండి రా అంటూ తిప్పుతున్నాడు’. అద్దె అడ్వాన్సు తిరిగివ్వని ఇంటి యజమాని గురించో, బిల్లు కట్టని కస్టమరు గురించో చెప్పాలంటే ఇంతకంటే సూటి మాట ఇంగ్లీషులో దొరకడం కష్టం. ఈ అర్థాన్ని ఇంత విడమరచి చెప్పడం లాంగ్‌మన్‌కే చెల్లింది.

లోపం లేదా అంటే ఉంది. అన్ని అర్థాలూ ఒకే శీర్షిక కింద గుత్తిగా పెట్టి, పైన ‘సమ్‌బడీ/సమ్‌థింగ్’ అని మనిషినీ వస్తువునీ మధ్యలో గీత పెట్టి కలిపి రాస్తుంది. ఏ అర్థం మనిషికి, ఏది పనికి అన్నది ఒక్కో అర్థంలోపలికి వెళ్లి నిర్వచనం, ఉదాహరణలు చూసి తేల్చుకోవాలి. తొందరలో ఉన్నవాళ్లు మొదటి అర్థం చదివి పేజీ మూసేస్తారు. వాయిదా అర్థమే మొదట ఉంది కాబట్టి గైడు పుస్తకం దగ్గర ఆగినట్టే ఆగిపోతారు.

ఆక్స్‌ఫర్డ్ ఈ విషయంలో తిరుగులేనిది. దాని పుట్టుకలోనే దానికి కారణం ఉంది. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ తన సహచరులతో కలిసి అక్కడి విద్యార్థుల కోసం తయారుచేస్తే 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. 2020 నాటికి పదో కూర్పుకి చేరింది. క్రియ తర్వాత ఏం రావాలి, ఏ వరసలో రావాలి అన్నది పరాయి భాష వాళ్లకి తెలియదన్న ఎరుకతో మొదలైన పుస్తకం అది. అందుకే ‘పుట్ సమ్‌బడీ ఆఫ్’ ఒకటి, ‘పుట్ సమ్‌బడీ ఆఫ్ సమ్‌థింగ్’ ఒకటి, ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ ఒకటి, ఇలా దేనికది గది కట్టి చూపిస్తుంది. మనిషికి ఏ గదో, పనికి ఏ గదో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది.

అయితే ఆ గదుల వరసలో మనిషి ముందు వస్తాడు, పని తర్వాత వస్తుంది. అందరికీ ఎక్కువగా కావలసిన వాయిదా అర్థం పేజీలో కిందికి పోయింది. పైన కనిపించేది ఎవరితోనో పెట్టుకున్న ఏర్పాటుని రద్దు చేసుకోవడం అనే అర్థం. ఇంటికి భోజనానికి పిలిచినవాళ్లని ‘ఈసారికి వద్దు’ అనడం అన్నమాట. కొత్తగా చదివేవాళ్లు పుట్ ఆఫ్ అంటే రద్దు కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. మీటింగునో మ్యాచ్‌నో పూర్తిగా రద్దు చేయడానికి మాట ‘కాల్ ఆఫ్’. వానకి మ్యాచ్ కాల్డ్ ఆఫ్ అంటే ఇక లేనట్టే, పుట్ ఆఫ్ అంటే ఇంకో రోజు ఉంటుంది. ఈ రెండూ కలిపేస్తే టిక్కెట్టు కొన్నవాళ్లకి చాలా తేడా వస్తుంది.

ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ రెండింటిలోనూ ‘ఆఫ్’ పక్కన అటూ ఇటూ చూసే జంట బాణం గుర్తు ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. కర్మ ఆఫ్‌కి ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు అని ఆ గుర్తు చెబుతోంది. ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ సరే, ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ సరే. కానీ బాణం చెప్పని సంగతి ఒకటుంది, తప్పులన్నీ అక్కడే పడుతున్నాయి. మీటింగు బదులు ‘ఇట్’ పెడితే బాణం చెల్లదు. ‘పుట్ ఇట్ ఆఫ్’ ఒక్కటే సరి. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. హిమ్, హర్, దెమ్, మీ, అన్నింటికీ ఇదే నియమం. పేరు పెద్దదైతే మాత్రం దాన్ని వెనక్కి పంపాలి. ‘విజయవాడలో సోమవారం జరగాల్సిన అమ్మకాల సమీక్ష సమావేశం’ మొత్తాన్ని పుట్‌కీ ఆఫ్‌కీ మధ్య ఇరికిస్తే, చివర ఆఫ్ వచ్చేసరికి వినేవాడికి పుట్ సంగతి గుర్తుండదు.

కేంబ్రిడ్జ్ దారి వేరు. 1995లో నేర్చుకునేవాళ్ల కోసం మొదలైన ఈ నిఘంటువులో ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ అని కర్మని మధ్యలో పెట్టే శీర్షిక ఇస్తారు. దీనివల్ల ఒక మేలుంది. ఆ అచ్చులో ‘ఇట్’ పోసేస్తే వాక్యం తప్పు పోదు. తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడిప్పుడే మాట్లాడటం మొదలుపెట్టినవాళ్లకి ఇదే క్షేమం. నష్టమూ ఉంది. ‘దే పుట్ ఆఫ్ ద వెడ్డింగ్’ అని పేపర్లో చదివి, ఇది తప్పేమో అనుకుంటారు. అది తప్పు కాదు. కేంబ్రిడ్జ్‌లో అర్థాలు క్లుప్తంగా ఉంటాయి, పేజీ త్వరగా చదవవచ్చు. చాలా మాటల పక్కన, మొదటి మెట్టు ఏ1 నుంచి చివరి మెట్టు సీ2 దాకా, స్థాయి గుర్తు కూడా వేస్తారు కాబట్టి ఐఈఎల్‌టీఎస్ లాంటివి రాసేవాళ్లకి ఏది ముందు నేర్చుకోవాలో తెలుస్తుంది. లోతుకి మాత్రం లాంగ్‌మన్ దగ్గరికే వెళ్లాలి.

ఇక మూడింటిలో ఏదీ మన కోసం ప్రత్యేకంగా చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. చెప్పకపోవడం వాటి తప్పు కాదు, అవి ప్రపంచమంతటికీ రాసినవి. తెలుగువాళ్లు జారిపడే చోట్లు వేరు.

మొదటిది ‘అంటిల్’. ‘ద మీటింగ్ ఈజ్ పుట్ ఆఫ్ అంటిల్ మండే’ అంటే సోమవారానికి వాయిదా పడింది అని. అంటిల్ అంటే ‘వరకు’ అని నేర్చుకున్నాం కాబట్టి సోమవారం వరకు ఏదో సాగుతుందని తోస్తుంది. మనం ‘సోమవారానికి’ అంటాం, ఆ ‘కి’ని చూసి ‘టు మండే’ అని రాయబోతాం. పోస్ట్‌పోన్‌తో టు నడుస్తుంది. పుట్ ఆఫ్‌తో అంటిల్ గానీ టిల్ గానీ వాడితే నిఖార్సుగా ఉంటుంది. ఎన్నాళ్లు అని చెప్పాలంటే ‘ఫర్ ఎ వీక్’. ఇక్కడ ‘బై’ పెట్టకపోవడమే మంచిది, ఎందుకంటే పుట్ ఆఫ్ తర్వాత బై కనిపించగానే ఇంగ్లీషువాళ్ల మనసు ‘దేనివల్ల వెగటు పుట్టింది’ అన్న అర్థం వైపు పోతుంది. ‘ఐ వాజ్ పుట్ ఆఫ్ బై ద ప్రైస్’ అంటే ధర చూసి వెనక్కి తగ్గాను అని.

రెండోది, ఆఫ్ తర్వాత క్రియ వస్తే ఇంగ్ రూపమే రావాలి. ‘పుట్ ఆఫ్ పేయింగ్ ద బిల్’. ‘పుట్ ఆఫ్ టు పే’ అనకూడదు. మనం ‘కట్టడం వాయిదా వేశాను’ అంటామే, ఆ ‘కట్టడం’లోని ‘డం’ని ఇంగ్‌గా తలచుకుంటే ఈ ఒక్కచోట తప్పు పోదు. అన్ని క్రియలకీ ఈ చిట్కా పనిచేయదు సుమా.

మూడోది, భూతకాలంలోనూ పుట్ పుట్టే. ‘హి పుట్ ఇట్ ఆఫ్’ అంటే నిన్నటి మాట, ‘హి పుట్స్ ఇట్ ఆఫ్’ అంటే అలవాటు. తేడా అంతా ఒక్క ‘స్’లో ఉంది. రాసేటప్పుడు ఇంగ్ రూపంలో టీ అక్షరం రెండుసార్లు రావాలి, ఒక్కటే రాస్తే స్పెల్లింగు తప్పవుతుంది.

నాలుగోది అన్నింటికంటే పెద్దది. పుట్ ఆన్‌కి పుట్ ఆఫ్ వ్యతిరేకం అనుకోవడం. చొక్కా వేసుకోవడం పుట్ ఆన్, విప్పడం టేక్ ఆఫ్. ఒళ్లు చేయడం పుట్ ఆన్ వెయిట్, తగ్గడం లూజ్ వెయిట్. లైటు వేయడం పుట్ ఆన్, తీసేయడం టర్న్ ఆఫ్ లేదా స్విచ్ ఆఫ్. లైటుకి ‘పుట్ ఆఫ్ ద లైట్’ అనడం మన బళ్లలో బాగా వినిపిస్తుంది. మనం లైటు ‘ఆఫ్ చేస్తాం’ కాబట్టి అది సహజంగానే నోట్లోకి వస్తుంది. ‘టర్న్ ఆఫ్’ అలవాటు చేసుకుంటే ఎక్కడా చిక్కు ఉండదు. దీపాన్నో మంటనో ఆర్పడానికైతే పుట్ అవుట్ ఉంది. ఇక చెప్పులు, చొక్కా విప్పడానికి పుట్ ఆఫ్ అనడం ఒకప్పుడు మంచి ఇంగ్లీషే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, నిర్గమకాండం మూడో అధ్యాయంలో, పొద దగ్గర మోషేని చెప్పులు విప్పమన్నచోట వాడిన మాట పుట్ ఆఫే. ఆ పాత ప్రయోగం ఇప్పటి మాటల్లో లేదు. గుడి ముందు బోర్డు మీద అలా రాసి ఉంటే మార్చి టేక్ ఆఫ్ అనో, రిమూవ్ అనో రాయించడం మంచిది.

మనసు విరిగే అర్థం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు బలం అక్కడే బయటపడుతుంది. ‘పుట్ మీ ఆఫ్ మై ఫుడ్’ అన్నదానికి తెలుగు చెప్పమంటే ‘నా ఆహారం పట్ల అయిష్టత కలిగించింది’ అని రాసేవాళ్లున్నారు. మనింట్లో ఎవరైనా అలా అంటారా? ‘ఆ వాసనకి అన్నం సయించలేదు’ అంటాం. ఒక్క ‘సయించు’తో సరిపోయింది. లెక్కల మాస్టారు కొట్టి కొట్టి పిల్లవాడికి లెక్కలంటేనే విరక్తి పుట్టించారంటే, అది ‘పుట్ హిమ్ ఆఫ్ మ్యాథ్స్’. ఒకసారి యాక్సిడెంటై ఆ తర్వాత బండి ముట్టుకోవడానికే జంకుతుంటే ‘ఇట్ పుట్ హర్ ఆఫ్ డ్రైవింగ్’. ‘డోంట్ బి పుట్ ఆఫ్ బై ద బోర్డ్’ అంటే బోర్డు చూసి వెనకాడకు, లోపల టిఫిన్ బాగుంటుంది అని. వెగటు, విరక్తి, జంకు, వెనకాడటం, సయించకపోవడం, ఇన్ని మాటలున్న భాషలో అన్నిచోట్లా ‘నిరుత్సాహపరచు’ అని ఒకటే అంటించడం అన్యాయం. ఇదే అర్థంలోంచి వచ్చిన విశేషణం ‘ఆఫ్‌పుటింగ్’. చూడగానే దగ్గరికి రానివ్వని మనిషి తీరుకో, ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగే పద్ధతికో వాడతారు.

ధ్యాస చెదరగొట్టే అర్థం ప్రధానంగా బ్రిటిష్‌ది. బౌలరు పరుగెత్తుకొస్తుంటే సైట్‌స్క్రీన్ పక్కన ఎవరో కదిలారు, బ్యాటరు ఆగిపోయి చెయ్యి ఎత్తాడు. అక్కడ కామెంటేటరు ‘దట్ పుట్ హిమ్ ఆఫ్’ అంటాడు. లాంగ్‌మన్ దీనికి బ్రిటిష్ అని ముద్ర వేసి చెబుతుంది. ఆ ముద్రని చూసుకోవాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే మనవాళ్లు ఇదే సందర్భంలో ‘త్రూ హిమ్ ఆఫ్’ అనో ‘డిస్ట్రాక్టెడ్’ అనో వింటారు. మీటింగు వాయిదాకి కూడా అక్కడి ఆఫీసుల్లో ‘పుష్ బ్యాక్’ ఎక్కువ. ముందుకు జరపడానికి ‘మూవ్ అప్’ అంటారు. మన ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్‌లో భారతీయ ఇంగ్లీషు అన్న గుర్తుతో ఉంది కాబట్టి హైదరాబాదులో నిస్సంకోచంగా వాడుకోవచ్చు, అమెరికా మెయిల్లో మాత్రం అర్థం కాకపోవచ్చు.

ఉచ్చారణ కోసం ఆక్స్‌ఫర్డ్ చాలా బాగుంది, బ్రిటిష్, అమెరికన్ గొంతులు రెండూ విడిగా వినిపిస్తుంది. నిఘంటువు పుట్, ఆఫ్ అని విడదీసి రాసినా మాటల్లో అది ‘పుటాఫ్’. అమెరికన్ నోట్లో ట కాస్తా డకి దగ్గరై ‘పుడాఫ్’ లాగా వినిపిస్తుంది. ఇంకోటి, ‘పుట్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు ఊనిక చివరి ఆఫ్ మీద పడాలి, ఇట్ మీద కాదు. మనం అన్ని మాటలకీ సమానంగా బరువు పెట్టేస్తాం, అందుకే వాక్యం సరిగ్గా ఉన్నా అవతలివాళ్లు మళ్లీ అడుగుతారు.

వెతికే పద్ధతి కూడా చెప్పాలి. ‘పుట్’ అని కొట్టకండి. ఆ పేజీ చాంతాడంత ఉంటుంది, ఇలా రెండు మాటలు కలిసి కొత్త అర్థమిచ్చే ఫ్రేజల్ వెర్బులు ఎక్కడో అడుగున ఉంటాయి. రెండు మాటలూ కలిపి ‘పుట్ ఆఫ్’ అని కొట్టండి. పేజీ తెరవగానే అర్థం చదవకుండా ముందు మీ వాక్యంలో ఆఫ్ దెబ్బ ఎవరి మీద పడిందో చూసుకోండి, మనిషా, పనా? ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆ గదికి వెళ్లండి. పనైతే లాంగ్‌మన్ మొదటి అర్థం కూడా చదివి, అయిష్టం ఛాయ ఉందో లేదో పోల్చుకోండి. లాంగ్‌మన్ పేజీ అడుగున నిజమైన రాతల్లోంచి తీసిన ఉదాహరణలు కూడా ఉంటాయి, వాటిలో కనీసం మూడు చదవాలి. అర్థం తేలాక, అప్పుడు తెలుగు మాట కోసం ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన తెరవండి. ఈ వరస తిరగేస్తే, అంటే ముందే తెలుగు మాట చూసుకుంటే, ‘వాయిదా’ మెదడులో కూర్చుని మిగతా అర్థాలని లోపలికి రానివ్వదు. ఆంధ్రభారతిలో బ్రౌన్ దొర నిఘంటువు కూడా వెతకవచ్చు. అది తెలుగు మాటలకి గని. కాకపోతే ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది 1852లో, అందులోని ఇంగ్లీషు కూడా ఆనాటిదే. తెలుగు మాట అక్కడ తీసుకుని, ఇంగ్లీషు వాడుక మాత్రం పై మూడింటిలో ఒకదాంట్లో సరిచూసుకోవాలి.

మూడు సైట్లకీ నెట్ కావాలి, మూడింటిలోనూ ప్రకటనలు ఉంటాయి. చిన్న ఫోన్లో లాంగ్‌మన్ పేజీ కాస్త చికాకు పెడుతుంది, అర్థాలకీ ఉదాహరణలకీ మధ్య చాలాసేపు జరుపుకుంటూ పోవాలి. ఒక్కటే దాచుకోవాలనుకునేవాళ్లు, మాట్లాడటం కోసమైతే కేంబ్రిడ్జ్‌ని, రాయడం కోసమైతే ఆక్స్‌ఫర్డ్‌ని, చదివింది లోతుగా అర్థం చేసుకోవడానికైతే లాంగ్‌మన్‌ని ఫోన్ మొదటి తెర మీద పెట్టుకోండి. కొత్త నిఘంటువు యాప్ ఏదైనా కొనబోతుంటే, డబ్బు కట్టే ముందు దాంట్లో పుట్ ఆఫ్ కొట్టి చూడండి. మనిషికీ పనికీ తేడా చూపకుండా ‘వాయిదా వేయు’ అని ఒక్క ముక్కే వస్తే కొనకండి.